సి డ్రైవ్‌కి కుడి హద్దు: విండోస్‌లో పార్టిషన్లు తగ్గించడం, పెంచడం, కొత్తవి చేర్చడం

సి డ్రైవ్ పట్టీ ఎర్రబడింది. పక్కన డి డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీగా పడి ఉంది. డి లోంచి వంద జీబీ తగ్గించి సి కి కలిపేద్దామని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరుస్తారు. డి తగ్గుతుంది, నల్ల గీతతో "అన్‌అలోకేటెడ్" (దేనికీ కేటాయించని జాగా) అని ఓ పెట్టె కూడా వస్తుంది. తీరా సి మీద రైట్ క్లిక్ చేస్తే "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" అన్న మాట బూడిద రంగులో ఉంటుంది, నొక్కినా పలకదు. ఈ పనికి దిగినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

ఖాళీ జాగా ఎంత ఉన్నా, అది సి ని ఆనుకుని, కుడివైపునే ఉంటే తప్ప విండోస్ కలపదు. పొలం కొనేటప్పుడు దస్తావేజులో తూర్పు హద్దు ఎవరిదో చూసుకున్నట్టు, ముందు సి కి కుడి హద్దు ఏమిటో చూడాలి. డి ని తగ్గించినప్పుడు జాగా దాని కుడి చివర ఊడుతుంది. అప్పుడు వరస సి, డి, ఖాళీ అవుతుంది. మధ్యలో డి అడ్డం.

ముందు పటం చదవండి

విండోస్ 10 అయినా 11 అయినా, విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, వచ్చిన మెనూలో "డిస్క్ మేనేజ్‌మెంట్" ఎంచుకోండి. పై సగంలో ఉన్న జాబితాతో పెద్దగా పని లేదు. కింది సగంలో ఉన్నదే అసలు పటం. ఒక్కో అడ్డ పట్టీ ఒక్కో డిస్క్: "డిస్క్ 0", "డిస్క్ 1" అని ఎడమ పక్కన రాసి ఉంటుంది. పట్టీలోని ఒక్కో పెట్టె ఒక్కో పార్టిషన్, అంటే డిస్క్‌లో విడగొట్టిన ముక్క. మెనూల్లో దాన్నే "వాల్యూమ్" అంటారు. సి డిస్క్ 0 లో, డి డిస్క్ 1 లో ఉంటే అవి రెండు వేరే వస్తువులు. ఒకదాని జాగా ఇంకోదానికి కలిపే ఆలోచన అక్కడితో మానేయండి.

పెట్టెల వెడల్పు చూసి మోసపోవద్దు. 100 ఎంబీ పార్టిషన్ కూడా కంటికి ఆనేలా దాన్ని వెడల్పు చేసి గీస్తారు. అంకెలే నమ్మండి. 512 జీబీ అని కొన్న ఎస్ఎస్‌డీ 476 జీబీ అనీ, 1 టీబీది 931 జీబీ అనీ కనబడుతుంది. అందులో మోసమేమీ లేదు. తయారీదారు వంద కోట్ల బైట్లను ఒక జీబీ అంటాడు, విండోస్ 107,37,41,824 బైట్లను ఒక జీబీగా లెక్కేస్తుంది.

ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో ఎడమ నుంచి కుడికి వరస దాదాపు ఇలా ఉంటుంది: 100 లేదా 260 ఎంబీ ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, తర్వాత సి, చివర కొన్ని వందల ఎంబీ నుంచి 1 జీబీ దాకా ఉండే రికవరీ పార్టిషన్. ఈఎఫ్ఐకీ సి కీ మధ్య 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్ ఒకటి ఉంటుంది, అది ఈ పటంలో కనబడదు. కంపెనీ తనదంటూ ఇంకో రికవరీ పార్టిషన్ పెట్టి ఉంటే అదీ కుడి చివరే ఉంటుంది. ఈఎఫ్ఐని ముట్టుకోవద్దు. అది పోతే కంప్యూటర్ బూట్ కాదు.

ఈ పటాన్ని ఫోన్‌తో ఓ ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఏదైనా తేడా వస్తే ఏది ఎక్కడ, ఎంత ఉండేదో చెప్పగలిగే సాక్ష్యం అదొక్కటే.

చెయ్యి పెట్టే ముందు

అవసరమైన ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. అదే డిస్క్‌లోని డి లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే, కరెంటు పోయే వేళ చూసుకుని ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే చదవలేకుండా డ్రైవ్‌కి తాళం వేయడం. విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్. పటంలో సి పెట్టె మీద "బిట్‌లాకర్ ఎన్‌క్రిప్టెడ్" అని ఉందేమో చూడండి. "నేనెప్పుడూ పెట్టలేదే" అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన కొత్త ల్యాప్‌టాప్‌లలో అది తనంతట తానే ఆన్ అవుతుంది. సి అన్‌లాక్ అయి నడుస్తున్నంతసేపు డిస్క్ మేనేజ్‌మెంట్‌తో తగ్గించడానికీ పెంచడానికీ అడ్డేమీ ఉండదు. కానీ పార్టిషన్ల అమరిక మారాకో, యూఎస్‌బీ నుంచి బూట్ చేశాకో 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది. పని మొదలెట్టకముందే కాగితం మీద రాసుకోండి. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ దగ్గర "సస్పెండ్ ప్రొటెక్షన్" నొక్కి, పని అయ్యాక "రెజ్యూమ్" చేస్తే చాలు.

చివరగా సి మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, "టూల్స్" ట్యాబ్, "చెక్". ఫైల్ సిస్టమ్‌లో తప్పులుంటే విండోస్ తగ్గించనివ్వదు, వాల్యూమ్ చెడిపోయి ఉండొచ్చని చెప్పి వెనక్కి పంపుతుంది.

అసలు విడగొట్టాలా?

256 జీబీ ఎస్ఎస్‌డీని రెండు ముక్కలు చేయకపోవడమే మంచిది. విండోస్, అప్‌డేట్లు, ఆఫీస్, బ్రౌజర్లు, వాట్సాప్ కలిపి సి ని ఎలాగూ నింపేస్తాయి, డి లో మిగిలిన జాగా అక్కరకు రాదు. విండోస్ 11 ఇన్‌స్టాల్ కావడానికి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీసం 64 జీబీ. అది మొదలవడానికే సరిపోతుంది, రోజూ వాడుకోవడానికి కాదు. 512 జీబీ డిస్క్‌లో సి కి 200 జీబీకి తగ్గకుండా ఉంచండి. గేములు ఆడేవాళ్లు విడగొట్టే ఆలోచనే పెట్టుకోవద్దు.

"విండోస్ పాడైతే డి లో ఫైళ్లు భద్రం" అన్న మాటలో సగమే నిజం. సి ని ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేసుకున్నప్పుడు డి మిగులుతుంది, నిజమే. డిస్కే చచ్చిపోతే రెండూ కలిసే పోతాయి.

సి ని తగ్గించి డి చేయడం

లెక్క ముందే వేసుకోండి. ఇక్కడ అంతా ఎంబీల్లో అడుగుతారు, ఒక జీబీకి 1024 ఎంబీ. సి 475 జీబీ ఉందనుకుందాం, అంటే 4,86,400 ఎంబీ. డి కి 250 జీబీ కావాలి, అంటే 2,56,000 ఎంబీ.

సి పెట్టె మీద రైట్ క్లిక్ చేసి "ష్రింక్ వాల్యూమ్" నొక్కండి. కాసేపు లెక్కలు కట్టి నాలుగు వరసల పెట్టె చూపిస్తుంది. మొదటి వరస ఇప్పటి మొత్తం. రెండోది గరిష్ఠంగా ఎంత తగ్గించవచ్చో. మూడోది మీరు నింపాల్సింది. నాలుగోది తగ్గించాక సి లో మిగిలేది. మూడో వరసలో చాలామంది పొరబడతారు. అక్కడ వేయాల్సింది సి లోంచి తీసేయాల్సిన కొలత, సి కి మిగలాల్సిన కొలత కాదు. మన లెక్కలో 256000 వేస్తే నాలుగో వరసలో 230400 కనబడాలి, అంటే 225 జీబీ. ఆ నాలుగో అంకె సరిచూసుకున్నాకే "ష్రింక్" నొక్కండి.

సి కి కుడివైపు నల్ల గీతతో అన్‌అలోకేటెడ్ పెట్టె వస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి "న్యూ సింపుల్ వాల్యూమ్" ఎంచుకోండి. కొలత ఉన్నది ఉన్నట్టు వదిలేయండి, అక్షరం డి ఎంచుకోండి, ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్, అలొకేషన్ యూనిట్ "డిఫాల్ట్", "క్విక్ ఫార్మాట్"కి టిక్. పేరు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, 32 అక్షరాల దాకా పడుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌ని మాత్రం లోపలి డిస్క్‌కి ఎంచుకోవద్దు. తర్వాత దాన్ని విండోస్‌తో తగ్గించలేరు.

ఇంత ఖాళీ ఉన్నా ఇంతే తగ్గుతానంటుందేం?

400 జీబీ ఖాళీ ఉంటుంది, రెండో వరసలో మాత్రం 30 జీబీయే తగ్గించవచ్చని ఉంటుంది. సి ని తగ్గించడమంటే దాని కుడి చివరను లోపలికి జరపడం. ఆ చివర్లో ఉన్న ఫైళ్లను విండోస్ ఎడమవైపుకి తరలిస్తుంది గానీ, కొన్నింటిని అది నడుస్తుండగా కదిలించలేదు. అలా కదలని ఫైలు ఒక్కటి మధ్యలో కూర్చున్నా, దాని కుడిపక్కన ఉన్నంత మేరకే తగ్గుతుంది.

ఆ ఫైలు ఏదో విండోసే రాసిపెడుతుంది. ష్రింక్ పెట్టె ఒకసారి తెరిచి మూసేశాక "ఈవెంట్ వ్యూయర్" తెరవండి. "విండోస్ లాగ్స్"లో "అప్లికేషన్", అందులో సోర్స్ "డీఫ్రాగ్", ఈవెంట్ నంబర్ 259. దాన్ని తెరిస్తే కదలని చివరి ఫైలు పేరు కనబడుతుంది. ఆ పేరును బట్టి మందు మారుతుంది.

పేరులో "హైబర్‌ఫిల్" ఉంటే అది హైబర్నేషన్ ఫైలు. టెర్మినల్‌ని అడ్మిన్‌గా తెరిచి పవర్ అన్న మాటకి సి, ఎఫ్, జి అక్షరాలు అతికించి, ఖాళీ వదిలి, స్లాష్, హెచ్, మళ్లీ ఖాళీ, ఆఫ్ అని కొట్టండి. ఫైలు మాయమవుతుంది. "పేజ్‌ఫైల్" ఉంటే, అది ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజింగ్ ఫైలు. "అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్"లో పెర్ఫార్మెన్స్ కింద వర్చువల్ మెమరీకి వెళ్లి, ఆటోమేటిక్ టిక్ తీసి, సి కి "నో పేజింగ్ ఫైల్" పెట్టి "సెట్" నొక్కండి. "సెట్" నొక్కకుండా ఓకే కొడితే ఏమీ మారదు. "సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్" అని ఉంటే అవి విండోస్‌ని వెనకటి స్థితికి తిప్పే రిస్టోర్ పాయింట్లు. సిస్టమ్ ప్రొటెక్షన్‌ని సి కి ఆఫ్ చేస్తే తొలగిపోతాయి, అంటే పాత రిస్టోర్ పాయింట్లన్నీ పోతాయని ఒప్పుకున్నట్టే. తర్వాత రీస్టార్ట్ చేసి మళ్లీ ష్రింక్ చూడండి. ఈసారి ఇంకో పేరు అడ్డుపడొచ్చు, మళ్లీ 259 చూడాలి. మూడు, నాలుగు సార్లు తిరగాల్సి రావడం మామూలే.

డాలర్ గుర్తుతో మొదలై ఎంఎఫ్‌టీ అని ఉంటే, అది ఫైళ్ల చిట్టా. దాన్ని విండోస్ నడుస్తుండగా దాని సొంత పనిముట్టుతో కదపలేరు. జీపార్టెడ్ లాంటి యూఎస్‌బీ నుంచి బూటయ్యే పనిముట్టు కావాలి. సి కి బిట్‌లాకర్ ఉంటే అదీ పనికిరాదు, ముందు ఎన్‌క్రిప్షన్ పూర్తిగా తీసేయాలి.

తగ్గించడం అయ్యాక ఆఫ్ చేసినవన్నీ తిరిగి ఆన్ చేయండి. పేజింగ్ ఫైలు లేకుండా వదిలేస్తే వారం తర్వాత బ్రౌజర్ ట్యాబ్‌లు మూసుకుపోతున్నాయని మొదలవుతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

డి లోంచి సి కి

ఇక మొదట చెప్పిన చిక్కు. సి 100 జీబీ, నిండిపోయింది. డి 365 జీబీ, అందులో 60 వాడుకలో ఉంది. కొన్నేళ్ల కిందట అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో తరచూ కనబడే పంపకం ఇది. విండోస్‌తోనే చేయాలంటే దారి ఒక్కటే: డి ని ఖాళీ చేసి, తీసేసి, సి ని పెంచి, మిగిలినదాంట్లో డి ని మళ్లీ చేయడం.

1. డి లోని 60 జీబీ బయటి డిస్క్‌కి కాపీ చేయండి. కాపీ అయ్యాక రెండు, మూడు పెద్ద ఫైళ్లు అక్కడి నుంచే తెరిచి చూడండి.

2. పేజింగ్ ఫైలు డి మీద ఉందేమో, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను ఎప్పుడో డి కి మార్చారేమో చూడండి. ఉంటే ముందు వాటిని సి కి తిప్పండి. ప్రోగ్రాములేమైనా డి లో ఇన్‌స్టాల్ అయి ఉంటే వాటి ఫోల్డర్ల పేర్లు రాసిపెట్టుకోండి.

3. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి మీద రైట్ క్లిక్, "డిలీట్ వాల్యూమ్". నొక్కే ముందు అక్షరం, కొలత రెండూ చదవండి.

4. సి మీద రైట్ క్లిక్, "ఎక్స్‌టెండ్ వాల్యూమ్". 100 జీబీ కలపాలంటే 102400 వేయండి. క్షణంలో అయిపోతుంది, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

5. మిగిలిన అన్‌అలోకేటెడ్‌లో కొత్త వాల్యూమ్ చేసి, అక్షరం మళ్లీ డి యే ఇచ్చి, ఫైళ్లు అవే ఫోల్డర్ పేర్లతో వెనక్కి పోయండి. అక్షరం మారితే డి లోని ప్రోగ్రాముల షార్ట్‌కట్లు, వాటి సెట్టింగులు దారి తప్పుతాయి.

పాత ఎంబీఆర్ (పార్టిషన్ల పట్టికను రాసే పాత పద్ధతి) డిస్క్‌లలో మూడో మెట్టు తర్వాత కూడా ఎక్స్‌టెండ్ బూడిద రంగులోనే ఉండొచ్చు. అప్పుడు పెట్టె రంగు చూడండి. తీసేసిన చోట నల్ల గీత కాకుండా పచ్చ గీతతో "ఫ్రీ స్పేస్" అని ఉందంటే, డి ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపలి లాజికల్ డ్రైవ్ అన్నమాట. లోపలి గది కూల్చారు, ప్రహరీ నిలబడే ఉంది. ఆ పచ్చ పెట్టెను కూడా డిలీట్ చేస్తేనే అన్‌అలోకేటెడ్ అవుతుంది. అదే ప్రహరీలో ఈ (E) అక్షరం డ్రైవ్ కూడా ఉంటే దాన్నీ ముందే ఖాళీ చేసుకోవాలి.

ఎంబీఆర్‌లోనే ఇంకో ఉచ్చు. నాలుగు ప్రైమరీ పార్టిషన్లు అప్పటికే ఉండి ఐదోది చేయబోతే, డిస్క్‌ని "డైనమిక్"గా మారుస్తానంటుంది. "నో" నొక్కండి. మారాక మళ్లీ బేసిక్ చేయాలంటే విండోస్ పనిముట్లతో వాల్యూమ్‌లన్నీ తీసేయాల్సిందే.

బయటి డిస్క్ లేదు, డి ని ఖాళీ చేయలేం అంటారా? జీపార్టెడ్ డి ని ఎడమ నుంచి తగ్గించగలదు. కానీ వాల్యూమ్ మొదలును కుడికి జరపడమంటే లోపలి సమాచారమంతా చోటు మార్చడం. మామూలు హార్డ్ డిస్క్ అయితే గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే డి దక్కదు. బ్యాకప్ లేక ఈ దారి పట్టేవాళ్లకే బ్యాకప్ అన్నిటికన్నా ఎక్కువ అవసరం.

రికవరీ పార్టిషన్ అడ్డుపడితే

256 జీబీ ఎస్ఎస్‌డీని 512కి క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయించుకున్నవాళ్లలో చాలామందికి తగిలే ముడి ఇది. కొత్త డిస్క్‌లో వరస సి, రికవరీ, తర్వాత 238 జీబీ ఖాళీ. రికవరీ మీద రైట్ క్లిక్ చేస్తే డిలీట్ కూడా కనబడదు. ఒక్క జీబీ కూడా లేని ఆ ముక్క వెనక మొత్తం జాగా చిక్కుకుపోతుంది.

నేరుగా తీసిపారేయకండి. అందులో విండోస్ బూట్ కానప్పుడు రిపేర్ చేసే పనిముట్లు ఉంటాయి. ముందు వాటిని సి లోకి రప్పించాలి. అడ్మిన్ టెర్మినల్‌లో ఆర్, ఈ అక్షరాలు, ఏజెంట్ అన్న మాట, చివర సి, అన్నీ ఖాళీ లేకుండా కలిపి, తర్వాత ఖాళీ వదిలి స్లాష్, డిజేబుల్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. "ఆపరేషన్ సక్సెస్‌ఫుల్" అని వస్తేనే ముందుకెళ్లండి.

తర్వాత జీపార్టెడ్ యూఎస్‌బీ నుంచి బూట్ చేసి, రికవరీ పార్టిషన్‌ని ఎంచుకుని, "రీసైజ్/మూవ్"లో దాన్ని కుడి చివరకి లాగి "అప్లై" నొక్కండి. చిన్నదే కాబట్టి నిమిషాల్లో జరుగుతుంది. సి ని ముట్టుకోరు కాబట్టి దాని బిట్‌లాకర్‌తో పేచీ ఉండదు, తిరిగి బూట్ అయ్యేటప్పుడు కీ అడగొచ్చు అంతే. విండోస్‌లోకి వచ్చి సి ని ఎక్స్‌టెండ్ చేసి, అదే కమాండ్‌ని డిజేబుల్ బదులు ఎనేబుల్ అని మళ్లీ కొట్టండి. డిజేబుల్ బదులు ఇన్ఫో అని కొడితే ఎనేబుల్ అయిందో లేదో చెబుతుంది. ఈ ఆఖరి మెట్టు మరిచిపోతే ఇవాళ ఏమీ తెలియదు. విండోస్ బూట్ కాని రోజున రిపేర్ స్క్రీన్ రాకపోతే అప్పుడు తెలుస్తుంది.

ఆ ముక్క మరీ చిన్నదైనా ఇబ్బందే. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 అప్‌డేట్‌కి రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాల్సి వచ్చింది. లేని కంప్యూటర్లలో అప్‌డేట్ విఫలమైంది, పార్టిషన్‌ని పెంచుకొమ్మని మైక్రోసాఫ్టే చెప్పింది. కాబట్టి జీపార్టెడ్‌లో జరిపేటప్పుడే దాన్ని 1 జీబీ చేసేయండి.

కొత్త ఎస్ఎస్‌డీ చేర్చడం

ఖాళీ ఎం.2 స్లాట్ ఉంటే ఈ కుస్తీలన్నీ మాని ఇంకో ఎస్ఎస్‌డీ వేసుకోవడమే సుఖం. కొనేముందు మాన్యువల్‌లో రెండు చూడండి: ఆ స్లాట్ ఎన్‌వీఎంఈదా సాటాదా, 2280 సైజు (80 మి.మీ. పొడవు) పడుతుందా. బిగించాక డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే "ఇనిషియలైజ్ డిస్క్" పెట్టె వస్తుంది. జీపీటీ (ఎంబీఆర్ తర్వాత వచ్చిన పద్ధతి) ఎంచుకుని ఓకే, తర్వాత పైన చెప్పినట్టే న్యూ సింపుల్ వాల్యూమ్. ఏ పెట్టే రాకపోతే "యాక్షన్" మెనూలో "రీస్కాన్ డిస్క్స్" నొక్కండి. అప్పటికీ రాకపోతే బయోస్‌లో కనబడుతోందో లేదో చూడండి. అక్కడా లేకపోతే సరిగ్గా కూర్చోలేదు, విప్పి మళ్లీ పెట్టాలి.

నిన్నటిదాకా ఫైళ్లున్న పాత డిస్క్‌కి ఇనిషియలైజ్ చేయమనో, ఫార్మాట్ చేయమనో అడిగితే మాత్రం "క్యాన్సిల్" తప్ప ఇంకేదీ నొక్కొద్దు. అది కొత్త డిస్క్ పలకరింపు కాదు, పాత డిస్క్ రోగలక్షణం.

డి వచ్చింది, ఇక సి ని తేలిక చేయాలి

కొత్త డ్రైవ్ వచ్చినంత మాత్రాన సి లో బరువు తగ్గదు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ని కట్ చేసి డి లో పేస్ట్ చేసే ప్రయత్నం చేయొద్దు, ప్రోగ్రాములు తెరుచుకోవు. డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ లాంటివి మార్చుకోవచ్చు: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, "లొకేషన్" ట్యాబ్, "మూవ్".

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ముందు డి లో డౌన్‌లోడ్స్ అని ఫోల్డర్ ఒకటి చేసి, దాన్నే చూపించండి. తొందరలో ఉత్త డి డ్రైవ్‌నే చూపించి ఓకే కొడితే, డ్రైవ్ మొత్తం "డౌన్‌లోడ్స్"గా మారిపోతుంది. పేరు, బొమ్మ కూడా మారతాయి. వెనక్కి తిప్పబోతే డి లో ఉన్న ప్రతి ఫైలునీ సి కి మోయనా అని అడుగుతుంది. అప్పటికే అలా జరిగిపోయి ఉంటే "రిస్టోర్ డిఫాల్ట్" నొక్కి, ఫైళ్లు తరలించనా అన్న ప్రశ్నకి "నో" చెప్పండి. దారి సి కి తిరుగుతుంది, ఫైళ్లు డి లోనే ఉంటాయి. ఆ తర్వాత ఫోల్డర్ చేసుకుని మళ్లీ మూవ్ చేయండి.